గన్‌ఫౌండ్రీ సీసా

నాలుక మీద వెల్లుల్లి రుచి తగిలింది. చేతిలో ఉన్న చిన్న గాజుసీసాను స్టాండులో పెట్టేసి, కుర్చీలోంచి లేవకుండా అలాగే ఉండిపోయాను.

అది కార్తీక సోమవారం. మా అత్తగారు ఉపవాసం. చంటిపిల్లాడికి పాలిస్తున్నానని నాకు ఉపవాసం తప్పించారు గానీ, ఆ నెల సోమవారాల్లో మా వంటింట్లోకి ఉల్లీ వెల్లుల్లీ రావు. పొద్దున తిన్నది పెసరపప్పు, పెరుగన్నం. మధ్యాహ్నానికి తెచ్చుకున్న బీరకాయ కూర డబ్బా మూత ఇంకా తీయలేదు. మరి నా నోట్లోకి వెల్లుల్లి ఎక్కడి నుంచి వచ్చినట్టు?

మీలో ల్యాబుల్లో పనిచేసేవాళ్లకు ఈపాటికి అర్థమై ఉంటుంది. మిగతావాళ్లకు చెబుతాను. మేము పరీక్షించే మందు పొడులు చాలావరకు నీళ్లలో కరగవు. వాటిని డీఎంఎస్ఓ అనే ద్రవంలో కరిగిస్తాం. చూడటానికి నీళ్లలాగే ఉంటుంది, కాస్త చిక్కగా. దానికో గుణం ఉంది. పలచటి గ్లవుజునైనా దాటుతుంది. చర్మం మీద పడితే అక్కడ ఆగదు, లోపలికి ఇంకిపోతుంది. పోతూ పోతూ తనలో కరిగినదాన్ని కూడా వెంట తీసుకుపోతుంది. కాసేపటికి నోట్లో వెల్లుల్లి రుచి తేలుతుంది, ఊపిరి అదే వాసన వేస్తుంది.

గ్లవుజు తీసి చూశాను. చూపుడువేలి కొస తడిగా ఉంది.

ఇంట్లో మా వాడికి తొమ్మిదో నెల. పగలు అత్తగారు చెంచాతో పెట్టే ఉగ్గు తినేవాడు గానీ, పాలసీసా పెడితే ఉమ్మేసేవాడు. సాయంత్రం నేను గుమ్మంలో చెప్పులు విడవకముందే నా మీదికి దూకేవాడు.

ముప్పై ఆరేళ్లకే రిటైరైన మనిషిని నేను. మా ల్యాబు ఊరి బయటికి మారినప్పుడు, ఇద్దరు పిల్లలతో అంత దూరం తిరగలేక మానేశాను. ఇప్పుడు ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెబుతున్నాను. "క్యాన్సర్ ల్యాబులో చేరదామనుకుంటున్నాం మేడమ్, మీకు భయం వేసేది కాదా?" అని మా అమ్మాయిలు అడుగుతుంటారు. నాకు దేనికైనా భయమే. ఇప్పుడు కూడా పిల్లలు పడుకున్నాక గ్యాస్ కట్టానో లేదో రెండోసారి చూసి వచ్చి ఇది రాస్తున్నాను. కాబట్టి ఆ ప్రశ్నకు జవాబు నాకు బాగానే తెలుసు.

నాంపల్లి స్టేషన్‌కు దగ్గర్లో, అబిడ్స్‌కు పోయే దారిలో ఒక పాత మేడ. అందులో పై అంతస్తు మాది. ఒక పక్క మందులు తయారుచేసే గది, ఇంకో పక్క క్యాన్సర్ కణాలు పెంచే గది. కణాలు పెంచడమంటే పిల్లల్ని పెంచడం లాంటిదే అనుకోండి. వేళకు తిండి మార్చాలి, ఒళ్లు వెచ్చగా ఉంచాలి, జలుబు చేసినవాళ్లను దగ్గరికి రానివ్వకూడదు. వాటికి ఆదివారాలూ పండగలూ ఉండవు. ఆదివారం వచ్చి వాటికి తిండి పెట్టి, తిరిగి వెళ్లేటప్పుడు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద మా పాపకు బొమ్మల పుస్తకాలు ఏరుకునేదాన్ని. ఇంటికి వెళ్తే "ఒక్క గంటని చెప్పి వెళ్లావు" అనేవాళ్లు. నిజానికి కణాల దగ్గర పని గంటే, మిగతాదంతా పుస్తకాలదే.

నాతో పాటు ఆ గదిలో ఒక సీనియర్ ఉండేది. చాదర్‌ఘాట్‌లో పుట్టి పెరిగిన మనిషి. అందరం ఆమెను అక్కా అనేవాళ్లం. మందులు తయారుచేసే గదిలో ఉండేవాడు ఇంకొకడు, అతన్ని అన్నా అనేవాళ్లం. అక్కకూ అన్నకూ ఒక్క క్షణం పడేది కాదు, ఒకరు సెలవు పెడితే రెండోవాళ్లకు పొద్దు పోయేది కాదు. మా పైన మేడమ్.

సీసాల మీద మందు పేరు రాయకపోవడం మా దగ్గర పద్ధతి. ఏ సీసాలో మందుందో, దేంట్లో ఉత్త డీఎంఎస్ఓ ఉందో తెలిస్తే, మైక్రోస్కోపులో చూసేవాళ్ల కళ్లు మొగ్గు చూపుతాయి. మందు పడిన చోట కణాలు చచ్చినట్టే కనిపిస్తాయి, చావాలని మనకు కోరిక కాబట్టి. అందుకని నింపేది అక్క, చూసేది నేను. అంకెలు వేస్తే నేను క్రమాన్ని బట్టి పట్టేస్తున్నానని, అక్క వాటికి మా దారుల పేర్లు పెట్టేది. కాచిగూడ, చాదర్‌ఘాట్, గన్‌ఫౌండ్రీ. "ఇవాళ కాచిగూడ ఎలా ఉంది?" అని మేడమ్ అడిగేవారు. "సగం మంది చచ్చిపోయారు మేడమ్" అనేదాన్ని. కొత్తగా వచ్చినవాళ్లు మమ్మల్ని చూసి జడుసుకునేవాళ్లు.

ప్రతి విడత చివర అక్క ఏది ఏదో విప్పి చెప్పేది. అక్కడ వచ్చింది చిక్కు. వరుసగా కొన్ని విడతల నుంచి మందు పడిన కణాలతో పాటు, ఉత్త ద్రవం పడిన కణాలు కూడా చస్తున్నాయి. పోల్చుకోవడానికి ఉంచినవే చస్తుంటే ఇక మందు పనిచేసిందని ఎలా చెబుతాం? కణాలను ఉంచే వెచ్చని పెట్టె చెడిందన్నారు, బాగు చేయించాం. తిండి పాడైందన్నారు, మార్చాం. చివరికి నా చేతినే అనుమానించారు. పైకి ఎవరూ అనలేదు గానీ నాకు తెలుసు.

"గవి ఎక్కడో సల్లటి దేశపు కణాలు," అనేవాడు అన్న. "నాంపల్లి టేషన్ సప్పుడుకు నిద్ర వడ్తలేదు వాటికి. గందుకే సస్తున్నయ్."

"నీ మందే సక్కగ లేదు గని, టేషన్ మీద వెట్టకు," అనేది అక్క.

ఈ విడత కూడా ఇలాగే అయితే ఆ మందును పక్కన పెట్టేద్దామని మేడమ్ చెప్పేశారు. అన్న రెండేళ్ల పని అది. అలాంటి విడత మధ్యలో ఉన్నాం, నా నోట్లో వెల్లుల్లి తేలిన రోజున.

నా వేలి మీదికి కారిన సీసా మీద గన్‌ఫౌండ్రీ అని ఉంది. అందులో మందుందో లేదో నాకు తెలియదు. అక్కకు తెలుసు. అడిగితే విడత పాడవుతుంది. అడగకపోతే సాయంత్రం ఇంటికెళ్లి ఏం చేయాలి? ఇంత చిన్న లెక్క తేల్చుకోలేక కూర్చుని ఉండగానే అక్క నా వెనకగా వచ్చింది.

"ఏం దిన్నవే? ఎల్లిగడ్డ కారమా? నాకు వెట్టకుండ ఒక్కదానివే తిన్నవా?"

ఆమె నా మొహం చూసింది, తర్వాత బల్ల మీది గ్లవుజు చూసింది.

"ఏ సీస?"

"గన్‌ఫౌండ్రీ."

నన్ను రెక్క పట్టుకుని లేపి, సింకు దగ్గరికి లాక్కెళ్లి, సబ్బుతో నా చేయి తానే కడగడం మొదలుపెట్టింది. కడుగుతూనే చెప్పేసింది. "ఫికర్ జెయ్యకు. గది ఉత్తదే. అండ్ల మందు లేదు."

అంత పట్టుదలగా దాచుకున్నదాన్ని ఒక్క ముక్కలో వదిలేసింది. నాకు నవ్వొచ్చింది. గోడకు ఆనుకున్నాను. కానీ నా సంగతి తెలుసుగా. నవ్వు పూర్తికాకముందే ఇంకో భయం పుట్టింది. అక్క నన్ను ఊరుకోబెట్టడానికి అబద్ధం చెబుతోందేమో! నేను మాడ్చి తెచ్చిన బూరెల్ని కూడా "అదిరిపోయినయ్" అని రెండోది అడిగి తిన్న మనిషి ఆమె.

"అక్కా, నిజం చెప్పు. మీ పిల్లల మీద ఒట్టు."

"ఒట్టెందుకే? గాయన్ని పిలుస్త. నీ కండ్లతోని నువ్వే సూస్కో."

అన్న వచ్చాడు. "ఏందమ్మా, గట్ల నిలవడ్డవ్?" అన్నాడు. విషయం వినగానే తెల్లటి పూత ఉన్న చిన్న పలక ఒకటి తీశాడు. దాని మీద ఎడమ పక్క అసలు మందు చుక్క, కుడి పక్క గన్‌ఫౌండ్రీ చుక్క పెట్టి, ఆరబెట్టి, పలక కొసను ఒక ద్రవంలో నిలబెట్టాడు. ద్రవం పైకి పాకుతూ మందును తనతో లాక్కుపోతుంది. తర్వాత ఆ పలకను ప్రత్యేకమైన దీపం కింద పెడితే పచ్చటి వెలుగులో మందు నల్లటి మచ్చలా కనిపిస్తుంది. మందు లేకపోతే ఏమీ ఉండదు.

దీపం వేశాడు. ముగ్గురం తలలు దగ్గర పెట్టి వంగాం.

ఎడమ పక్క నల్లటి మచ్చ. కుడి పక్క, సరిగ్గా అదే ఎత్తులో, పలచటి నీడ.

"గదేంది?" అంది అక్క.

అన్న పలకను దీపానికి ఇంకా దగ్గరగా జరిపి చూశాడు. "గదే."

"గట్లెట్లయితది? నేను కొత్త బాటిల్ల కెల్లి పోసిన. నా చేతులతోని పోసిన!" అంది అక్క. నా వైపు చూడలేకపోయింది.

అన్న సీసాను వెలుగులో పెట్టి తిప్పాడు. మూత మరలో తడి ఉంది. మూత సరిగ్గా బిగియకే నా వేలి మీదికి కారింది. మూత తిరగేశాడు. లోపల బిళ్లలాంటి తెల్లటి పొర, అంచుల్లో పసుపు పడి ఉంది.

"ఈ మూత ఇంతకుముందు దేని మీదుండె?"

ఎవరికి తెలుస్తుంది? ఆ సీసాలు బయటి దేశం నుంచి రావాలి. ఆర్డరు పెడితే ఎప్పటికి వస్తాయో తెలియదు. అందుకని సీసాలూ మూతలూ కడిగి, ఎండబెట్టి, ఒకే ట్రేలో పోసి మళ్లీ వాడుకునేవాళ్లం. మా ఇళ్లలో జాడీలను కడుక్కున్నట్టే. అందులో తప్పుందని మాలో ఎవరికీ తోచలేదు.

అన్న ఆ పొరను కత్తిరించి, తాజా డీఎంఎస్ఓలో నానబెట్టి, మళ్లీ పలక మీద చుక్క పెట్టాడు. ఈసారి నీడ కాదు, నల్లగా మచ్చే వచ్చింది. మందు సీసా మీద నెలల తరబడి ఉన్న మూత లోపలి పొర ఆ మందును తాగేసింది. సబ్బు నీళ్లకు అది వదల్లేదు. నా గ్లవుజు దాటి వచ్చిన ఆ ద్రవమే మూతలోంచి మందును బయటికి లాగింది. అలాంటి మూతలు ఆ ట్రేలో ఎన్నో. ఇన్నాళ్లూ మేము ఉత్తది అనుకున్నది ఏ రోజూ ఉత్తది కాదు. కణాలకు రోగం లేదు, పెట్టెకు లేదు, నా చేతికీ లేదు. రవ్వంతకే కణాలు చస్తున్నాయంటే అన్న మందు మేము అనుకున్నదాని కన్నా ఎంతో గట్టిది.

"దొరికిందే!" అని అన్న బల్ల మీద ఒక్కటి చరిచి లేచాడు. లేచినవాడు నా మొహం చూసి మళ్లీ కూర్చున్నాడు. "తప్పయిందమ్మా," అన్నాడు మెల్లగా.

తప్పేం లేదు. నాకూ ఆ క్షణంలో ఎక్కడో సంతోషం పొంగింది. అదే క్షణంలో మా వాడి కోసం భయం వేసింది. మీరు ఈ పనిలోకి వస్తే, ఈ రెండూ ఒకేసారి జరిగే రోజు మీకూ ఒకటి వస్తుంది. ఏది ముందు పట్టించుకోవాలో పక్కనున్న మనుషులు చెబుతారు. నాకు మేడమ్ చెప్పారు.

ఆమె వచ్చి పలక చూశారు, మూత చూశారు. వెంటనే అడిగింది మాత్రం విడత గురించి కాదు.

"బాబుకు చివరిసారి పాలెప్పుడిచ్చావు?"

"పొద్దున, బయల్దేరేముందు."

"మళ్లీ?"

"సాయంత్రం ఇంటికి వెళ్లగానే."

"ఇవ్వకు."

"చాన తక్కువ మేడమ్," అన్నాడు అన్న. "ఒక చుక్క, అండ్ల రవ్వంత మందు, అండ్ల మళ్ల పాలల్లకు వొయ్యేదెంత?"

"తక్కువే. కానీ తొమ్మిది నెలల పిల్లాడి మీద దీన్ని ఎవరూ చూడలేదు, చూడకూడదు కూడా. నాకు తెలియనిదాన్ని తెలుసని చెప్పి ఈ అమ్మాయిని ఇంటికి పంపలేను."

మేడమ్ నన్ను దగ్గర్లోని ఒక డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన చేయి పరీక్షించి, నాకు భయం లేదన్నారు. పిల్లల డాక్టరుకు నేనే ఫోన్ చేశాను. ఆయన అంతా విని, "ఆ మందు పేరేమిటమ్మా?" అన్నారు.

"దానికింకా పేరు లేదు సార్."

"పేరులేని మందుకు నేనేం చెప్పను? రెండు మూడు రోజులు పాలు పిండి పారబోయండి. వాడికి తొమ్మిదో నెల కదా, ఉగ్గుతో పాటు పై పాలు కూడా మొదలుపెట్టండి. పాలపొడి నేను రాసి పంపిస్తాను. వాడు తాగాలి, అది ముఖ్యం. ఒంట్లో నీరు తగ్గనివ్వకండి."

వాడు తాగాలి. ఎలా తాగించాలో అదే కదా నాకు తెలియనిది. అంతకుముందు రెండుసార్లు ప్రయత్నించి ఓడిపోయాం.

మందు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. పాత మూతలన్నీ పారేసి, కొత్తవి వచ్చేదాకా ఆగి, మళ్లీ మొదటి నుంచి చేశాం. ఉత్త ద్రవం పడిన కణాలు హాయిగా బతికాయి. అన్న మందు ఇంకో రెండు మెట్లు ఎక్కింది. మూడో మెట్టు దగ్గర కాలేయానికి పడదని తేలి ఆగిపోయింది. అది మందు కాలేదు. మా పనిలో చాలావరకు ఇంతే. అన్న రెండ్రోజులు మాట్లాడలేదు, మూడోరోజు ఇంకో పొడి పట్టుకొచ్చాడు. నాకు ఆ ఉద్యోగం మీద ప్రేమ ఎందుకని ఎవరైనా అడిగితే ఆ మూడోరోజు గుర్తొస్తుంది.

ఆ సాయంత్రం అక్క నాతో పాటు ఆటో ఎక్కింది. అబిడ్స్ దాటి కోఠి దగ్గర ఆపమని, డాక్టరు చెప్పిన పాలపొడి తీసుకుని, ఒక గిన్నెల దుకాణంలోకి వెళ్లి, ముక్కున్న చిన్న ఉగ్గుగిన్నె కొనుక్కొచ్చింది. దారంతా ఆ గిన్నెను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"నేనే గదనే పోసింది," అంది చివరికి.

"మూత నువ్వు తయారు చెయ్యలేదుగా అక్కా."

"అయినా..." అంటూ గిన్నెను నా చేతిలో పెట్టింది. కాచిగూడలో మా గల్లీ మొదట్లో దింపి, అదే ఆటోలో చాదర్‌ఘాట్ వైపు వెళ్లిపోయింది.

అత్తగారు బాల్కనీలో దీపం పెట్టి చుక్కల కోసం చూస్తున్నారు. చుక్క కనిపిస్తే గానీ ఆమెకు భోజనం లేదు. మా వాడు ఆమె చంకలోంచి నన్ను చూసి రెండు చేతులూ చాచి దూకాడు. నేను వెనక్కి జరిగాను. వాడు పుట్టాక అలా జరగడం అదే మొదటిసారి. వాడు ముందు ఆటేమో అనుకుని నవ్వాడు. తర్వాత ఏడుపు ఎత్తుకున్నాడు.

"ఏమిటే ఈ వాసన?" అన్నారు అత్తగారు ముక్కు మూసుకుని. "సోమవారం పూట ఏ బండి దగ్గరైనా నిలబడి మిరపకాయ బజ్జీలు తిన్నావా ఏం?"

ఒక చెప్పు కాలికుండగానే అంతా చెప్పేశాను. ఆ ఉద్యోగం మానెయ్ అంటారని ఎదురుచూశాను. అంటే ఏం జవాబివ్వాలో కూడా ఆటోలో అనుకుంటూ వచ్చాను. ఆమె కొంగు నడుముకు దోపుకున్నారు.

"ఉద్యోగం గొడవ తర్వాత. వాడికి ఆకలేస్తోంది. నువ్వు లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకో. నువ్వు కనిపిస్తుంటే వాడు ఇంకేదీ ముట్టడు."

వెళ్లి తలుపేసుకున్నాను. వాడు ఏడుస్తున్నకొద్దీ నా జాకెట్టు తడిసిపోతోంది. వాడికని వచ్చిన పాలను పిండి పారబోస్తూ కూర్చున్నాను. ఐదేళ్ల మా పాప ఆ గదికీ ఈ గదికీ మధ్య తిరుగుతూ, తలుపు సందులోంచి వార్తలు చదివింది.

"అమ్మా, ఉమ్మేశాడు."

"అమ్మా, నాన్నమ్మ చీర మీద పోశాడు."

"నాన్నమ్మ ఏమంటోంది?"

"మీ నాన్న కూడా ఇంతేరా మొండివెధవా అంటోంది."

కాసేపు వార్తలు ఆగిపోయాయి. ఏడుపు కూడా సన్నబడింది. నేను తలుపుకు చెవి ఆనించాను.

"అమ్మా, గిన్నె ముక్కు కొరుకుతున్నాడు... అమ్మా! మింగాడు! ఇంకొంచెం మింగాడు! అయ్యో, నాన్నమ్మా, అలా కాదు, మెల్లగా!"

వాడు ఆ గిన్నె ఖాళీ చేసేసరికి చుక్కలు వచ్చి చాలాసేపైంది. అత్తగారు చీర మార్చుకుని, వాడిని భుజాన వేసుకుని, వాడు నిద్రపోయాకే విస్తరి ముందు కూర్చున్నారు. మా ఆయన వచ్చాక సంగతి విని, "రేపు సెలవు పెట్టు, అసలు మానేసే సంగతి కూడా ఆలోచించు" అన్నాడు. అత్తగారు అన్నం కలుపుకుంటూ, "వాడు తాగుతున్నాడుగా. దాన్ని ఇంట్లో కట్టేస్తే ఏం చేస్తుంది, వాడి ఊపిరి లెక్కపెడుతూ కూర్చుంటుంది" అన్నారు. నన్ను అంత బాగా ఎరిగిన మనిషి ఇంకొకరు లేరు.

డాక్టరు సరేనన్నాక వాడు మళ్లీ నా దగ్గరికి వచ్చాడు. ఇప్పుడు ఒకటో తరగతి. అన్నం తప్ప అన్నీ తింటాడు, నేలంతా తనదే అన్నట్టు పరుగెత్తుతాడు.

ఆ సోమవారానికి మర్నాడు పొద్దున వాడు లేవగానే పాకుతూ వచ్చి నా కొంగు లాగాడు. వాడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఉగ్గుగిన్నె నోటి దగ్గర పెట్టాను. నా మొహంలోకి చూశాడు. గిన్నె వైపు చూశాడు. మళ్లీ నా మొహంలోకే చూస్తూ తాగడం మొదలుపెట్టాడు. పాప స్కూలు టై చేత్తో పట్టుకుని ఎదురుగా నిలబడింది.

"అమ్మా, నీ పాలు చెడిపోయాయా? నువ్వు ఇవాళ మళ్లీ అక్కడికే వెళ్తావా?"

ఆ మాటలు వాడికి అర్థం కావని తెలుసు. అయినా ఇద్దరినీ దగ్గరికి తీసుకుని ఇద్దరికీ చెప్పాను.

"రెండు మూడు రోజులు అమ్మ దగ్గర పాలుండవు. అమ్మ ఉంటుంది. పొద్దున వెళ్తుంది, సాయంత్రం వస్తుంది."